జెడ్డు కుదరని గోడ

2022 జనవరి. చీపురుపల్లికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక రైసు మిల్లు. మిల్లుకి పాత గోడౌను ఒకటి, దానికి ఎదురుగా కొత్తగా కట్టిన మేడ ఒకటి, రెండింటికీ మధ్య పన్నెండడుగుల సందు. ఆ సందులో ఇనుప మెట్లు బిగించడానికి వెళ్లి, ఒక శనివారం పొద్దున్నించి సాయంత్రం దాకా నేను పడ్డ భయం గురించి రాస్తున్నాను. వెల్డింగు పనిలో కొలతలు ఎలా తీస్తారు, ఎక్కడ పొరపడతారు అని అడిగేవాళ్లకి ఇది పనికొస్తుందనుకుంటాను.

ముందు నా సంగతి చెప్పాలి. పదో తరగతి ఇంగ్లీషులో తప్పి చదువు మానేశాను. మా అక్క మొగుడు అప్పన్న బావకి చీపురుపల్లిలో వెల్డింగు షాపు ఉంది. వెల్డింగు నాకు రాదు, ఆ వెలుగు నా కళ్లకి పడదు. ఇనుము కొయ్యకముందు ఏ ముక్క ఎంత పొడవు, ఏ వాలున కొయ్యాలి అని లెక్క తేల్చి సుద్దముక్కతో గీత గీసివ్వడం నా పని. ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాల బండి మీద కొన్న తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం, తొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో నేనే కోసుకున్న, మధ్య నుంచి అంచుకి రెండడుగులుండే కోణమానిని, ఒక నోటు పుస్తకం, ఇవే నా సరంజామా. అంత పెద్ద కోణమానిని ఎందుకని అందరూ నవ్వుతారు. బడిపిల్లల కోణమానినిలో ఒక డిగ్రీ వెంట్రుకవాసి. నా దాంట్లో ఒక డిగ్రీకి పదిన్నర మిల్లీమీటర్లు. పావు డిగ్రీ కూడా కంటికి ఆనుతుంది.

ఇంకొకటి కూడా చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. నాకు ఎత్తంటే భయం. నిచ్చెన నాలుగో మెట్టు దాటితే మోకాళ్లు నా మాట వినవు. నేను లెక్కలు నేర్చుకున్నది తెలివికి కాదు, నిచ్చెన ఎక్కకుండా ఉండడానికి.

ఎలాగంటే, ఎదురెదురుగా రెండు నిలువు గోడలున్నాయి. ఒక గోడ మొదలు నుంచి ఎదుటి గోడ పైభాగానికి ఏటవాలుగా ఒక ఇనుప దూలం వేశాం. చూస్తే ఇంగ్లీషు అక్షరం జెడ్డుని పక్కకి పడుకోబెట్టినట్టు ఉంటుంది. కింద దూలానికీ గోడకీ మధ్య ఎంత కోణం ఉంటే, పైన దూలానికీ ఎదుటి గోడకీ మధ్య, జెడ్డు లోపలి మూలలో, అంతే కోణం ఉంటుంది. పుస్తకంలో వీటిని ఏకాంతర కోణాలు అన్నారు. మా షాపులో 'జెడ్డు సమానం' అంటాం. కింద నిలబడి ఒక కోణం కొలిస్తే పైది కొలవక్కర్లేదు. అలా ఇరవై ఏళ్లు నేల మీదే నిలబడి పైకోణాలు చెప్పాను. అందరూ నన్ను జెడ్డు బాబు అనేవారు.

ఆ మిల్లు పనిలో మెట్లకి రెండు స్ట్రింగర్లు. స్ట్రింగర్ అంటే మెట్ల పలకల్ని రెండు పక్కలా మోసే ఏటవాలు దూలం. మెట్లు మొదలయ్యేచోట గోడౌను గోడ కింది నుంచి మురుగు కాలవ పోతుండబట్టి కింద దిమ్మ కట్టడానికి చోటు లేదు. అందుకని స్ట్రింగరు కింది కొసకి ఒక బేస్ ప్లేటు, అంటే ఎనిమిదంగుళాల పొడవున్న దళసరి ఇనుప పలక, అతికి దాన్ని గోడౌను గోడకే యాంకర్ బోల్టులతో బిగించాలి. పైకొసకీ అలాంటి పలకే, అది మేడ గోడకి. మేడ గుమ్మం నేలకి పదడుగుల ఎత్తున, సందు పన్నెండడుగుల వెడల్పు. నా పుస్తకంలో కోణం యాభై అని రాసి ఉంది. రెండు పలకలూ యాభైకే కోసి అతికాం.

కొలతలు తీసిన పన్నెండు రోజులకి, శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి, మెట్లు ట్రాక్టరు మీద తెచ్చి చైను బ్లాకుతో లేపాం. బావ పైకెక్కాడు. పై పలక మేడ గోడకి కాగితం దూరనట్టు ఆనుకుంది.

"ఒరే జెడ్డు! పైన అద్దంలా కూకుందిరా!" అని అరిచాడు.

నేను కింద పలక దగ్గర కూర్చున్నాను. పలక పై అంచు గోడకి తగిలింది. కింది అంచు తగల్లేదు. సందు కనిపించింది. జేబులోంచి ఐదు మిల్లీమీటర్ల రేకు ముక్క తీసి పెడితే నిమ్మళంగా దూరిపోయింది.

బావ దిగొచ్చి చూశాడు. "అయితే ఏటి? పేకింగ్ పెట్టి బిగించీద్దాం" అన్నాడు. పేకింగ్ అంటే సందు కనపడకుండా మధ్యలో దోపే ఇనుప ముక్క. మా వృత్తిలో అది అందరూ చేసేదే. "నీ లెక్క ఒకటిన్నర డిగ్రీ తప్పింది. ఇరవై ఏళ్లకి ఒకసారి తప్పితే తప్పేటి కాదులే" అని నవ్వాడు.

అతను చెప్పిన ఒకటిన్నర సరైనదే. యాభై ఏడంగుళాల పొడవు మీద ఒక అంగుళం తేడా వస్తే ఒక డిగ్రీ అని మా మోటు లెక్క. ఎనిమిదంగుళాల పలక మీద ఐదు మిల్లీమీటర్లంటే సుమారు ఒకటిన్నర. నా కోణమానిని పెట్టి చూశాను. పలకలు రెండూ యాభై. కానీ స్ట్రింగరుకీ గోడౌను గోడకీ మధ్య నలభై ఎనిమిదిన్నర. రసమట్టం ఆనించి చూస్తే మేడ గోడ నిటారుగా ఉంది, గోడౌను గోడ మీద బుడగ పక్కకి పోయింది. గోడ సందు వైపు, అంటే మా వైపు, వాలి ఉంది.

"పాత గోడరా. పుట్టుకలోనే వంకర. ఏ మేస్త్రీ తాగి కట్టాడో" అన్నాడు బావ, డ్రిల్లింగు మిషను వైరు విప్పుతూ.

అదే నిజమైతే భయం లేదు. నలభై ఏళ్లుగా వంకరగా ఉన్న గోడ ఇంకో నలభై ఏళ్లు వంకరగానే ఉండొచ్చు. కానీ పన్నెండు రోజుల కిందట నేను యాభై అని రాశాను. ఆ రోజు గోడ నిటారుగా ఉండి, ఈ రోజు వాలి ఉంటే, అది వంకర గోడ కాదు. కదులుతున్న గోడ.

నోటు పుస్తకం తీశాను. నాకొక పద్ధతి ఉంది. కోణమానినితో కొలిచిన అంకె కింద చుక్క పెడతాను. లెక్క కట్టి తేల్చిన అంకె చుట్టూ సున్న చుడతాను. ఆ పేజీలో యాభై ఉంది. చుక్క లేదు. సున్నా లేదు.

ఆ రోజు నేను మేడ గుమ్మం నుంచి కిందికి దారం లాగించి, గోడకి కోణమానిని ఆనించానా? లేక పన్నెండు, పది అడుగుల కొలతలు తీసుకుని, రెండు గోడలూ నిటారే కదా అనుకుని, కాగితం మీద యాభై తేల్చి వచ్చేశానా? అలా లెక్క కట్టినా యాభయ్యే వస్తుంది. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఇరవై ఏళ్లు కింది కోణం ఒక్కటే కొలిచి బతికినవాడికి, ఆ ఒక్కటీ కొలిచాడో లేదో తెలియలేదు.

ఆ గోడ కిందే పారమ్మ ఇడ్లీ పొయ్యి.

ఆమెకి అరవై దాటి ఉంటాయి. గోడౌను గోడకి పొయ్యి ఆనించి, నెత్తిన నీలం టార్పాలిను కట్టి, మిల్లు కూలీలకి ఇడ్లీలు, టీ పెడుతుంది. మేం మెట్లు లేపుతుంటే పదిమంది కూలీలు ఆ గోడకే వీపులు ఆనించి ప్లేట్లు పట్టుకు కూర్చున్నారు. బావ మిషను ఆన్ చేశాడు. కాంక్రీటులో కూడా కన్నం పెట్టే హేమరు డ్రిల్లు అది. గోడని దడదడలాడిస్తుంది.

నేను వెళ్లి ప్లగ్గు పీకేశాను.

"ఏటిరా! పిచ్చి ఎక్కిందేటి?"

"బావా, ఆగు. ఒక్క గంట ఆగు."

"గంటలో ఏటి సేస్తావు? గోడని నిటారుగా నిలబెడతావేటి?"

కూలీలు గొల్లుమన్నారు. గోడ పడుతుందని అరిస్తే, పడకపోతే? ఈ చుట్టుపక్కల ఇంక నా గీత మీద ఎవరూ ఇనుము కొయ్యరు. అరవకుండా ఊరుకుంటే, పడితే? రెండు భయాలూ ఒకేసారి వచ్చాయి. ఏది పెద్దదో తేల్చుకోలేకపోయాను.

మిల్లు యజమాని సూర్యనారాయణ గారి దగ్గరికి వెళ్లాను. ఆఫీసు గదిలో ఫోను మాట్లాడుతున్నారు. విని, "చూడు బాబూ, సంచులు దొరక్క చస్తన్నాను. ధాన్యం అంతా ఆ గోడౌన్లోనే ఉన్నాది. సోమవారం లారీలు వస్తాయి. అప్పుడు ఖాళీ చేయిస్తాను. రెండ్రోజులు ఆగలేవేటి?" అన్నారు. మంచిమనిషే. కసురుకోలేదు. కానీ లేవలేదు.

సందులోకి తిరిగొచ్చాను. కనీసం పారమ్మని అక్కడినుంచి లేపుదామనుకున్నాను.

"అమ్మా, ఈ ఒక్క పూట పొయ్యి అటు గేటు కాడికి మార్చుకో."

"ఎందుకు బాబూ?"

"గోడ వాలినట్టుంది. జెడ్డు కుదర్లేదు."

"జడేటి, కుదరకపోడమేటి? నా జడ సూడు, నాలుగెంట్రుకలున్నాయి, అయ్యీ కుదర్లేదు. కొలుస్తావేటి?" అని తన జడ ముందుకి లాగి చూపించింది. కూలీలు మళ్లీ నవ్వారు.

"నవ్వులాట కాదమ్మా."

"నవ్వులాట కాకపోతే మరేటి? పద్దెనిమిదేళ్లై ఈ గోడ కిందే ఉన్నాను. ఇది నాకు మా ఆయన కన్నా ఎక్కువ రోజులు నీడిచ్చింది." అని, ఇడ్లీ పాత్ర మూత తీస్తూ, తనలో తను అనుకున్నట్టు ఇంకో మాట అంది. "గోడ బాగానే ఉన్నాది. ఈ ముదనష్టపు తాడే రోజూ సడలిపోతంది. పొద్దున్న లెగిసి బిగించుకోడమే ఓ పనైపోయింది."

నేను తలెత్తి చూశాను. టార్పాలిను కట్టిన నైలాను తాడు గోడౌను గోడకున్న కొక్కేనికి ఒక కొస, మేడ గోడకున్న మేకుకి ఒక కొస. సందుకి అడ్డంగా, మనిషి తల మీద మూరెడు ఎత్తులో.

"తాడు ఎప్పట్నించి సడలతంది?"

"సోమారం కొత్త తాడు కట్టాను. మంగళారం నించి మొదలు. కొత్త తాడు సాగుతాదన్నారు, సరే అనుకున్నాను. సాగితే ఒకసారి సాగాలి గాని, రోజూ సాగుతాదేటి?"

నైలాను తాడుకి ముడి వేసి విప్పితే ముడి ఉన్నచోట మడత ఉండిపోతుంది. మేడ వైపు మేకు దగ్గర చూశాను. ఐదు పాత మడతలు, ఆరోది ఇప్పటి ముడి. తాడు సాగుతుంటే మొదటి రోజు ఎక్కువ సాగి, తరువాత్తరువాత తగ్గుతూ రావాలి. టేపు పెట్టి కొలిచాను. మొదటి మడత నుంచి రెండోదానికి పావు అంగుళం. తరువాత పావు. తరువాత అర. మళ్లీ అర. నిన్నటి మడతకీ ఈ రోజు ముడికీ మధ్య ముప్పావు.

తగ్గడం లేదు. పెరుగుతోంది.

మొత్తం రెండుంపావు అంగుళాలు. కొక్కెం ఎత్తు ఏడడుగులు, అంటే ఎనభై నాలుగు అంగుళాలు. యాభై ఏడుకి ఒకటి చొప్పున, ఎనభై నాలుగంగుళాల ఎత్తున రెండుంపావు వాలిందంటే ఎన్ని డిగ్రీలు? ఒకటిన్నర. నా కింది పలక చెప్పిన ఒకటిన్నరే, నన్ను ఎరగని ఒక తాడు చెప్పింది.

లెక్క సరిపోతే సంతోషం వేయాలి. నా బతుకులో అంతవరకూ అలాగే వేసింది. ఆ రోజు మటుకు వేయలేదు. నా వెనక గోడకి ఆనుకుని పదిమంది ఇడ్లీలు తింటున్నారు.

"లెగండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ప్లేట్లు ఒదిలీండి! లెగండి!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. పారమ్మ నా మొహం చూసింది, తాడు చూసింది. "తాడు సాగలేదంటావు" అంది మెల్లగా.

"సాగలేదమ్మా. గోడే నీ మీదకి వస్తంది."

ఆమె పొయ్యిలో నీళ్లు కుమ్మరించింది. పాత్రలు కూలీలు తలా ఒకటి పట్టుకుపోయారు. టార్పాలిను విప్పింది గాని తాడు విప్పనివ్వలేదు నేను. తరువాత ఆమె తిన్నగా ఆఫీసు గదికి నడిచింది. నేను వెనకాల పరిగెత్తాను.

"బాబూ, నా తాడు వచ్చి సూడు. సోమారం నించి గోడ నడుస్తన్నాది" అంది గుమ్మంలోంచే.

"సోమవారమా?" సూర్యనారాయణ గారు ఫోను చెవి దగ్గర్నుంచి తీశారు. "సోమవారమే కదా ఇడిగా పొయ్యడం మొదలెట్టింది."

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఏటా ఆ గోడౌన్లో ధాన్యం గోనె సంచుల్లో పేర్చేవారు. సంచుల దొంతర తన కాళ్ల మీద తను నిలబడుతుంది. ఆ ఏడు సంచులు చాలక, విడి ధాన్యం గోడకి ఆనించి రాశి పోశారు. విడి ధాన్యం నీళ్లలాగే పక్కకి తోస్తుంది. తొమ్మిదంగుళాల పాత ఇటుక గోడ ఆ తోపుడికి కట్టింది కాదు.

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చారు.

గోడౌనుకి అవతలి పక్కనున్న తలుపు తీసి, అటువైపు నుంచే తోడడం మొదలెట్టారు. గంపలు, రేకు డబ్బాలు, దొరికినవన్నీ. ధాన్యం కళ్లంలో పోస్తున్నారు. తోడేవాళ్లని రాశి మీదకి ఎక్కొద్దన్నాం, తలుపు దాటి లోపలికి పోవద్దన్నాం. సందుకి రెండు పక్కలా గంపలు అడ్డం పెట్టి బావ కాపలా నిలబడ్డాడు.

గోడ మొదట్లోకి వెళ్లి మళ్లీ కొలిచే ధైర్యం నాకు లేదు. ఎవరినీ వెళ్లనివ్వను కూడా. కానీ ఆగిందో లేదో తెలియాలి. టార్పాలిను విప్పినప్పుడే తాడు మధ్యలో ఒక పెద్ద నట్టుని పురికొసతో నడుమెత్తుకి వేలాడదీశాను. కొసలు రెండంగుళాలు దగ్గరైతే పన్నెండడుగుల తాడు మధ్యలో దాదాపు పన్నెండంగుళాలు దిగుతుంది. గోడ దాచుకున్న కొంచెం కదలికని తాడు పెద్దది చేసి చూపిస్తుంది. సందు మొదట్లో ఒక రాయి మీద కూర్చుని, నట్టు వెనకాల దూరంగా కనిపించే ప్రహరీ గోడ ఇటుకల వరసలు లెక్కపెట్టాను. నట్టు అడుగు భాగం ప్రహరీ కింది నుంచి తొమ్మిదో వరసకి సరిగ్గా ఆనింది. ఆ రాయి మీద అలాగే, తల కదపకుండా కూర్చున్నాను.

పన్నెండింటికి నట్టు ఎనిమిదో వరసలోకి దిగింది. ఒంటిగంటకి ఎనిమిదో వరస సగం. పారమ్మ టీ తెచ్చి పక్కన పెట్టింది. నేను చూపు తిప్పలేదు. ఎక్కడో చిన్న టప్పుమన్న చప్పుడు, గోడ మీంచి సున్నం పెళ్లలు రాలాయి. తోడేవాళ్లు ఆగిపోయారు. నట్టు ఊగింది. ఊగి ఊగి నిలిచింది. ఏడో వరస.

"ఆపీమంటావేటి?" అని సూర్యనారాయణ గారు తలుపు దగ్గర్నుంచి కేకేశారు.

"ఆపొద్దు. అటువైపునుంచే. మెల్లగా."

రెండున్నరకి ఏడో వరస. మూడున్నరకి ఏడో వరస. నాలుగున్నరకి కూడా ఏడో వరసే. అప్పటికి రాశి గోడని వదిలి సగానికి పైగా తగ్గింది. ఐదింటికి లేచి నిలబడబోతే కాళ్లు తిమ్మిరెక్కి కూలబడ్డాను. టీ మీద మీగడ కట్టి ఉంది.

గోడ పడలేదు. ఇది నిజంగా జరిగిన పని కాబట్టి పడిందని రాయలేను. పది రోజుల తరువాత మేస్త్రీలు వచ్చి పైనుంచి వరస తరువాత వరస చేత్తో విప్పారు. నేలకి రెండడుగులు మిగిలాక నన్ను పిలిచారు. మొదట్లో, లోపలివైపు, గోడ పొడుగునా పగులు. నా కోణమానిని అంచు అందులో పెట్టి తోశాను. తొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్డు బెత్తెడు లోతుకి పోయింది. ఇంకా పోయేదే, నేనే తోయడం ఆపేశాను.

ఇప్పటికీ కొందరు, "జెడ్డు బాబు అనవసరంగా అందర్నీ బెదరగొట్టాడు, నిలబడే గోడే అది" అంటారు. కావచ్చు. ఇంకో ముప్పావు అంగుళం జరిగి ఆగేదేమో. నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం రానివ్వలేదని మటుకు సంతోషం.

ఆ పని నాకు నేర్పింది ఒక్క మాట. ఆ రాత్రి ఇంటికొచ్చి తొమ్మిదో తరగతి పుస్తకం తీశాను. 'రెండు రేఖలు సమాంతరాలైతే, ఏకాంతర కోణాలు సమానం' అని ఉంది. ఇరవై ఏళ్లు నేను ఆ వాక్యంలో వెనక సగమే వాడుకున్నాను. 'అయితే' అన్న మాట నాకు కనపడలేదు. గోడలు సమాంతరమని ఎవరో కట్టినవాడు చూసుకుని ఉంటాడులే అనుకున్నాను. రెండు కొసలూ కొలిచేవాడికి ఆ రెండు అంకెలూ గోడల సంగతి చెబుతాయి. ఒక కొసే కొలిచి రెండోది రాసుకునేవాడికి తను అనుకున్నదే తిరిగి వినిపిస్తుంది. పేకింగ్ ముక్క చేసేదీ అదే పని, గోడ చెప్పే తేడాని కప్పేస్తుంది. బావ ఇప్పుడు పేకింగ్ దోపబోయే ముందు ఒకసారి నా మొహం చూస్తాడు.

ఏప్రిల్లో కొత్త గోడ లేచింది, బయట ఆనుడు దిమ్మలతో. మెట్లు బిగించడానికి మళ్లీ వెళ్లాం. మెట్లు లేపాక కింద కొలిచాను, యాభై, చుక్క పెట్టాను. తరువాత నిచ్చెన మేడ గోడకి ఆనించమన్నాను.

"ఎవరెక్కుతారు?" అన్నాడు బావ.

"నేనే."

నాలుగో మెట్టు దగ్గర మోకాళ్లు మొదలెట్టాయి. ఐదో మెట్టు మీద ఆగిపోయాను. కింద నిచ్చెన కదలకుండా రెండు చేతులా పట్టుకున్నది పారమ్మ.

"జెడ్డు బాబూ, కళ్లు మూసుకుని కొలుస్తావేటి? ఎక్కు. నానున్నాను."

"తాడు బిగువుగా ఉందా అమ్మా?"

"కొత్త గోడకి కట్టినకాడ్నించి ముడి ఇప్పలేదు. నువ్వు పైకి సూడు."

పైకి వెళ్లాను. కోణమానిని ఆనించాను. చెయ్యి వణుకుతుంటే అంకె రెండుగా కనిపించింది. చెయ్యి ఆగేదాకా ఆగాను. యాభై. పెన్సిలు నోట్లోంచి తీసి, అక్కడే, నిచ్చెన మీదే, దాని కింద కూడా చుక్క పెట్టాను.